ఆడపిల్లకి దెయ్యం కథలెందుకంటారా?

పోయిన నెల మా ఇంట్లో ఒక పుస్తకం అటకెక్కింది. మాటవరసకి అంటున్నది కాదు. నిజంగానే అటక మీద, వాడకం లేని ఇత్తడి గుండిగల వెనక్కి చేరింది. చేర్చింది మా ఆడపడుచు. పెళ్ళి పిలుపులకని వచ్చి, కాఫీ తాగుతూ మా పాప చేతిలో ఉన్న పుస్తకం అట్ట చూసింది. మా పాప ఎనిమిదో తరగతి. ఆ పుస్తకం పాత ఇంగ్లీషు దెయ్యం కథల సంకలనం. హిందూపురం వెళ్ళినప్పుడు నేనే కొనిచ్చాను.

"ఏంది వదినా ఇది? పెద్దమనిషయ్యే ఈడు పిల్ల. దీపాలు పెట్టే పొద్దులో ఇట్లాంటివి పట్టుకొని కూర్చుంటే గాలీ ధూళీ సోకదా? ఆడపిల్లకి దెయ్యం కథలెందుకు?"

నేను మారు మాట్లాడలేదు. పిలుపుకి వచ్చిన మనిషితో వాదన ఏం బాగుంటుంది! అదే రాత్రి టీవీలో 'అరుంధతి' వేశారు. అందరం ముద్ద తింటూ చూశాం. పశుపతి కనబడినప్పుడల్లా పాప నా కొంగు మొహం మీదికి లాక్కుంటుంటే, "ఏం కాదులేవే, సినిమానే కదా, చూడు" అని ధైర్యం చెప్పింది ఎవరనుకున్నారు? మా ఆడపడుచే.

ఆ రోజు నేను మింగేసిన మాటలన్నీ ఇవాళ ఇక్కడ చెప్తాను. ఆమె ఒక్కదాని మీద కోపంతో కాదు. ఇలా అనేవాళ్ళు మీ ఇంట్లోనూ ఉంటారు. మీరే అయినా కావచ్చు.

మా అమరాపురం ఆంధ్రాకి చివరంచు. ఇంకాస్త ముందుకి పోతే కర్ణాటక. ఇళ్ళల్లో కన్నడం, తెలుగు కలిసిపోయి నడుస్తాయి. వక్కతోటలు, కొబ్బరితోటలు. నేను హిందూపురం నుంచి కోడలిగా వచ్చి ఇక్కడే కన్నడం నేర్చుకున్నాను. ఆ కన్నడంలో నాకు మొదట బాగా అర్థమైనవి ఏమిటో తెలుసా? మా అత్తమ్మ చెప్పే దెయ్యం కథలు. తోటకి నీళ్ళు కట్టడానికి రాత్రిపూట పోయిన మనిషికి దూరంగా నిప్పు కనబడడం, అది దగ్గరికొచ్చినట్టే వచ్చి మళ్ళీ దూరం జరగడం. తెలుగులో కొరివి దెయ్యం, అత్తమ్మ మాటలో కొళ్ళి దెవ్వ. కరెంటు పోయిన రాత్రుల్లో ఆమె చెప్తుంటే పిల్లలు ఒకరి మీద ఒకరు పడి వినేవాళ్ళు. అప్పుడు ఎవరికీ ఏ గాలీ సోకలేదు. నోటితో చెప్తే సంప్రదాయం, అచ్చులో చదివితే అనాచారమా? ఇదెక్కడి న్యాయం?

1990ల్లో జరిగింది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రాత్రిపూట ఒక ఆడదెయ్యం వచ్చి తలుపు కొడుతుందని, మనవాళ్ళ గొంతుతోనే పిలుస్తుందని, తలుపు తీస్తే ప్రాణం పోతుందని పుకారు. తెలుగు ఊళ్ళల్లో గోడల మీద, తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాశారు. కర్ణాటక వైపు 'నాళె బా' అని రాశారు. అర్థం ఒకటే. దెయ్యం చదువుకుని, సరేలే అని వెళ్ళిపోయి, మర్నాడు వచ్చి మళ్ళీ అదే చదువుతుందన్నమాట! మా చిన్నప్పుడు మా వీధిలో సుద్దముక్కతో రాసినవాళ్ళల్లో నేనూ ఉన్నాను. అక్షరాలు కుదురుగా రాస్తానని నాలుగిళ్ళ వాళ్ళు నన్నే పిలిచారు. మా ఆయన వాళ్ళ వీధిలో రెండు భాషల్లోనూ రాశారట, వచ్చేది ఏ రాష్ట్రం దెయ్యమో తెలియదు కదా!

ఇప్పుడు నవ్వుకుంటాం. 2018లో హిందీ వాళ్ళు ఆ పుకారునే పట్టుకుని 'స్త్రీ' అని సినిమా తీస్తే, అదీ చూసి నవ్వుకున్నాం. ఆ రోజుల్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. అసలు అడగాల్సిన ప్రశ్న కూడా ఎవరూ అడగలేదు. వచ్చేది ఆడదే ఎందుకయింది? మన దెయ్యాల పట్టిక ఒకసారి తీసి చూడండి. బాలింతగా పోయినామె, బావిలో పడినామె, మొగుడు చంపేసినామె, పెళ్ళి కాకుండానే పోయినామె. బతికుండగా ఎవరూ పట్టించుకోని ఆడవాళ్ళందరూ చచ్చాక మనకి భయమయ్యారు. మంచి దెయ్యం కథ మనల్ని భయపెట్టి ఊరుకోదు. ఈ మనిషి ఎందుకిలా అయింది అని అడిగిస్తుంది.

భయం వేరు, భయానకం వేరు. ఇది నేను కనిపెట్టింది కాదు. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన ఎనిమిది రసాల్లో శృంగారం, హాస్యం పక్కనే భయానకానికీ బీభత్సానికీ పీట వేశాడు. భయం మనసులో ఉండే భావం, దాన్ని కళగా మలిస్తే అనుభవించగలిగే రసం. పులి ఎదురొస్తే పరుగెడతాం. పులి కథ వింటే ఇంకా దగ్గరికి జరుగుతాం. మా మండలంలోనే ఉన్న హేమావతి ఒకప్పుడు నొళంబ రాజుల రాజధాని. అక్కడ సిద్ధేశ్వరుడు లింగంగా కాకుండా మనిషి రూపంలో కొలువై ఉంటాడు. శివరాత్రికి పిల్లల్ని చంకన వేసుకుని వెళ్ళి దండం పెట్టిస్తాం. శివుడు శ్మశానవాసి అనీ, పుర్రెల దండ వేసుకుంటాడనీ, భూతాలన్నీ ఆయన పరివారమేననీ చిన్నప్పుడే చెప్తాం. భయంకరమైనదాన్ని పిల్లల కంట పడనివ్వకూడదన్నది మన పెద్దల పద్ధతి కాదు. అది మనం మధ్యలో తెచ్చిపెట్టుకున్నది.

పైగా మనం భయపెట్టకుండా పెంచుతున్నామా? ఇక్కడ నాకు నిజంగా ఒళ్ళు మండుతుంది. అన్నం తినకపోతే బూచాడొస్తాడు. నిద్రపోకపోతే దెయ్యానికి పట్టిస్తాం. బయట తిరిగితే బస్తా వాడు ఎత్తుకుపోతాడు. మూడేళ్ళ పిల్లలకి, ఏది కథో ఏది నిజమో తెలియని వయసులో, చీకటి గదిలో వేసి తలుపు మూస్తామని బెదిరిస్తాం. అదేమో పెంపకం! అదే పిల్ల పదమూడేళ్ళకి, ఇది కథ అని తెలిసి, తన ఇష్టంతో, వెలుతురులో కూర్చుని పేజీ తిప్పితే పాడైపోతుంది! భయం మన చేతిలో బెత్తంలా ఉన్నంతకాలం మనకి అభ్యంతరం లేదు. పిల్లల చేతిలోకి పుస్తకమై వెళ్తేనే అభ్యంతరం.

ఇంతవరకూ కోపంతో రాశాను. ఇప్పుడు చెప్పబోయేది కోపంతో చెప్పలేను.

మా అమ్మకి ఒక చెల్లెలుంది. నాకు చిన్నమ్మ. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆమెకి రెండో కాన్పయింది. బిడ్డ పుట్టినప్పటి నుంచీ చిన్నమ్మ మారిపోయింది. బిడ్డని దగ్గరికి తీసుకోదు. గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. రాత్రంతా మేలుకునే ఉంటుంది. బాలింతకి గాలి సోకిందన్నారు. దెయ్యం వదిలిస్తాడని పేరున్న ఒకతన్ని పిలిపించారు. వేపమండలు, మిరపకాయల పొగ. నేను తలుపు బయట నిలబడి ఉన్నాను. అతను "ఎవరు నువ్వు? పేరు చెప్పు" అని అడుగుతున్నాడు. చిన్నమ్మ తన పేరే చెప్పింది. అబద్ధమని కొట్టాడు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ తన పేరే చెప్పింది. మళ్ళీ కొట్టాడు. ఎన్నిసార్లో లెక్క నాకు తెలియదు. ఆఖరికి ఆ ఊళ్ళో ఎప్పుడో బావిలో పడి చనిపోయిన ఇంకొకామె పేరు చెప్పింది. అప్పుడు కొట్టడం ఆపారు. దెయ్యం ఒప్పుకుందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు.

చిన్నమ్మ బతికే ఉంది. ఏడాదికో ఏడాదిన్నరకో మామూలు మనిషయింది. ఆ రోజు గురించి ఇప్పటికీ మాట్లాడదు. మేమూ అడగం.

నాకు పెళ్ళై, పాప పుట్టాక, ఫోన్లో ఒక పాత ఇంగ్లీషు కథ చదివాను. పేరు 'ది ఎల్లో వాల్‌పేపర్'. రాసింది షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ అనే అమెరికా ఆమె, 1892లో అచ్చయింది. బిడ్డని కన్న ఒక భార్య, డాక్టరైన ఆమె భర్త. నీకు విశ్రాంతి కావాలి అంటూ ఆమెని మేడ మీద గదిలో ఉంచుతాడు. రాయకూడదు. ఆ గది గోడలకి పసుపుపచ్చ కాగితం అంటించి ఉంటుంది. చూసీ చూసీ ఆమెకి ఆ కాగితం మీది గీతల వెనకాల ఒక ఆడమనిషి చిక్కుకుని ఉన్నట్టు కనబడడం మొదలవుతుంది. కథలో ఎక్కడా దెయ్యం లేదు. రక్తం లేదు. భర్త దుర్మార్గుడు కూడా కాదు, ప్రేమగానే మాట్లాడతాడు. నేను మాత్రం ఆ కథ చదివి రాత్రంతా నిద్రపోలేదు. గోడ వైపు తిరిగి కూర్చున్న మా చిన్నమ్మే కళ్ళల్లో మెదిలింది.

తర్వాత తెలిసింది, గిల్మన్ ఊహించి రాయలేదని. 1885లో కూతురు పుట్టాక ఆమె అలాగే కుంగిపోయింది. 1887లో సైలస్ వీర్ మిచెల్ అనే పేరుమోసిన డాక్టరు దగ్గరికి వెళ్తే, ఇంటిపట్టునే ఉండు, బిడ్డని ఎప్పుడూ పక్కనే ఉంచుకో, బతికినంతకాలం కలం ముట్టుకోకు అని పంపించాడు. ఆ సలహా పాటించి పిచ్చి అంచుదాకా వెళ్ళి వెనక్కి వచ్చానని ఆమే రాసుకుంది. వెనక్కి వచ్చాక కలం పట్టుకుని రాసిందే ఈ కథ.

చూడండి, అక్కడ పెద్ద చదువుల డాక్టరు, ఇక్కడ వేపమండల మనిషి. ఇద్దరూ ఆమె చెప్పిన మాట నమ్మలేదు. మా చిన్నమ్మ చుట్టూ ఆ రోజు పదిమంది పెద్దవాళ్ళున్నారు. దెయ్యాల్ని నమ్మేవాళ్ళే అందరూ. దెయ్యం కథ చదివినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇలాంటి కథ ఒక్కటి చదివిన మనిషి ఆ గదిలో ఉంటే, ఆమె తన పేరు చెప్పినప్పుడు నమ్మి ఉండేది అని నాకనిపిస్తుంది. గ్యారంటీ ఏమీ లేదు. కానీ మా పాప రేపు అలాంటి గదిలో ఏ వైపునైనా ఉండొచ్చు. కొట్టించుకునే వైపో, చూస్తూ నిలబడే వైపో. అందుకే ఆడపిల్లకే ముందు చదివిస్తానంటున్నాను.

ఇంకో మాట. ఆడపిల్లలకి భయం కలిగించే సంగతులు చెప్పకూడదనేవాళ్ళు 'డ్రాకులా' చదవాలి. బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన నవల. అంతా డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పేపరు కత్తిరింపులు. ఆ కాగితాలన్నీ టైపు కొట్టి, తేదీల ప్రకారం పేర్చి, డ్రాకులా ఆచూకీ తెలిసేలా చేసేది మీనా అనే ఇల్లాలు. అంత పని చేశాక మగవాళ్ళంతా కూర్చుని ఏం నిర్ణయిస్తారు? పాపం ఆడమనిషి, భయపడుతుంది, ఇకపై ఆమెకేమీ చెప్పొద్దు అంటారు. ఆమెని ఒంటరిగా పడుకోబెట్టి వాళ్ళు దెయ్యాన్ని వేటాడడానికి పోతారు. దెయ్యం నేరుగా ఆమె గదికే వస్తుంది. తెలియకుండా దాచడం కాపలా కాదని నూరేళ్ళు దాటిన ఆ కథ చెప్తోంది. పిల్లకి తెలియనివ్వకుండా పెంచామని గొప్పగా చెప్పుకునేవాళ్ళు అక్కడ ఒకసారి ఆగి ఆలోచించండి.

ఇప్పుడు మీరనబోయే మాట నాకు తెలుసు. 'తులసిదళం' సంగతేమిటి అంటారు. సరైన ప్రశ్నే. యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తున్నప్పుడు మన అమ్మలు, పిన్నులు వారం వారం ఎదురుచూసి చదివారు. తులసి అనే చిన్నపిల్ల మీద క్షుద్రప్రయోగం కథ. 1985లో కన్నడంలో సినిమా కూడా అయింది. ఆ నవల మీద రంగనాయకమ్మ గారు 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అని ఏకంగా ఒక పుస్తకమే రాశారు. చేతబడి, బాణామతి అనే అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఊళ్ళున్న దేశంలో, అవి నిజమేమో అనిపించేలా రాయడం తప్పు కాదా అన్నది ఆ వైపు వాదన. ఆ వాదనని నేను తేలిగ్గా తీసిపారేయను. అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకుని పన్నెండేళ్ళకే దొంగచాటుగా 'తులసిదళం' చదివినదాన్ని. నెల రోజులు లైటు ఆర్పకుండా పడుకున్నాను. ఎవరికీ చెప్పలేదు, చెప్తే తిడతారని.

కానీ నాకు చెడు చేసింది ఆ పుస్తకమా, దొంగచాటా? దుప్పట్లో దూరి ఒంటరిగా చదివాను. చదివాక, ఇది నిజమా అని అడగడానికి మనిషి లేదు. పక్కన ఒక పెద్దామె కూర్చుని, రచయిత ఇక్కడ నిన్నెలా భయపెట్టాడో చూడు, డాక్టర్ల మాట ఒక వైపు, మంత్రగాళ్ళ మాట ఒక వైపు పెట్టి నిన్నెలా ఊగిసలాడించాడో చూడు అని చెప్పి ఉంటే, ఆ నవలే నాకు మంచి పాఠమై ఉండేది. అందుకే నా మాట: ఆ నవలతో మొదలుపెట్టకండి. దాచనూ దాచకండి. పిల్లలకి పదహారు నిండాక, రంగనాయకమ్మ గారి విమర్శతో కలిపి ఇవ్వండి. రెండూ చదివి తేల్చుకోనివ్వండి.

మరి దేనితో మొదలుపెట్టాలి? ఇది చాలామంది తల్లులు నన్ను విడిగా అడిగారు. నేను మా ఇంట్లో చేసింది చెప్తాను.

మొదట భేతాళుడు. మన చేతికి అందే పాత కథ. సోమదేవుడు పదకొండో శతాబ్దంలో కథాసరిత్సాగరంలో చెప్పాడు, చందమామ పత్రిక దశాబ్దాల పాటు కొత్త కొత్త భేతాళ కథలు నడిపింది. శ్మశానం, చెట్టు, భుజాన శవం, చేతిలో కత్తి, శంకర్ గారు గీసిన ఆ బొమ్మ చూడని తెలుగిల్లుందా? అందులో భయం వాకిలి మాత్రమే. లోపల ఉన్నది ప్రశ్న. తెలిసీ సమాధానం చెప్పకపోతే తల పగిలిపోతుంది. దెయ్యం కథ చదివాక ఒక ప్రశ్న వేసుకోవాలన్న అలవాటు పదేళ్ళ పిల్లలకి దీనితోనే పడుతుంది.

తర్వాత డబ్ల్యూ.డబ్ల్యూ. జేకబ్స్ రాసిన 'ది మంకీస్ పా', అంటే కోతి చెయ్యి. 1902 నాటి చిన్న కథ, అరగంటలో అయిపోతుంది. మన దేశంలో ఒక ఫకీరు మంత్రించిన ఎండిన కోతి చెయ్యి ఇంగ్లండులో ఒక మామూలు ముసలి దంపతుల ఇంటికి చేరుతుంది. మూడు కోరికలు తీరుస్తుంది. మొదటి కోరికగా రెండు వందల పౌన్లు అడుగుతారు. డబ్బు వస్తుంది, ఫ్యాక్టరీలో యంత్రాల్లో పడి చచ్చిపోయిన కొడుక్కి నష్టపరిహారంగా. రెండో కోరిక తల్లిది. ఆ రాత్రి తలుపు చప్పుడవుతుంది. ఇక చెప్పను.

ఆడపడుచు వెళ్ళిన నాలుగో రోజు అటక మీంచి పుస్తకం దింపి పాపకిచ్చి, ఈ కథ నానమ్మకి చెప్పమన్నాను. సగం కన్నడం, సగం తెలుగు కలిపి చెప్పింది. తలుపు దగ్గరికి వచ్చేసరికి అత్తమ్మ వక్కలు ఒలిచే చెయ్యి ఆపింది. పాప అడిగింది, "నువ్వైతే తలుపు తీస్తావా నానమ్మా? అది దెయ్యమైపోయుంటుంది కదా." అత్తమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "తీస్తాను" అంది. అంతే. మా ఆయనకి ముందు ఒక మగబిడ్డ పుట్టి మూడేళ్ళకే పోయాడని నాకు తెలుసు. పదహారేళ్ళ కాపురంలో అత్తమ్మ నోట ఆ బిడ్డ మాట నేను వినలేదు. ఆ రాత్రి పాపకి ఆ బిడ్డ పేరు చెప్పింది. వాడికి బెల్లం ముక్కంటే ఎంత ఇష్టమో చెప్పింది.

ఈ కథలు ఎందుకని ఇంకోసారి అడుగుతారా?

పదమూడు దాటినవాళ్ళకి ఎడ్గార్ ఎలన్ పో 1843లో రాసిన 'ది టెల్‌టేల్ హార్ట్' ఇవ్వొచ్చు. తప్పు చేసిన మనిషికి తన గుండె చప్పుడే సాక్ష్యమయ్యే కథ. టాగూర్ 'క్షుధిత పాషాణం' పాత మహలులో నడిచే కథ, పో పక్కన పెట్టి చదివితే రెండు రకాల భయం తెలుస్తుంది. ఆ తర్వాత స్టీవెన్సన్ 1886లో రాసిన 'జెకిల్ అండ్ హైడ్'. ఊరంతా గౌరవించే పెద్దమనిషి లోపల ఇంకొకడు ఉండొచ్చని ఆడపిల్లకి ఏదో ఒక రోజు చెప్పక తప్పదు. ఈ కథ ఆ మాట సభ్యంగా చెప్తుంది.

పదిహేను దాటాక 'ఫ్రాంకెన్‌స్టైన్'. 1818లో వచ్చిన ఈ నవలని మేరీ షెల్లీ 1816లో రాయడం మొదలుపెట్టేనాటికి ఆమెకి పద్దెనిమిదేళ్ళు. తనని కన్న కొన్ని రోజులకే తల్లి చనిపోయింది. 1815లో తనకి నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ రెండు వారాలకే పోయింది. ఆ బిడ్డ చల్లబడిందే గానీ చావలేదని, నిప్పు దగ్గర పెట్టి రుద్దితే బతికిందని కల వచ్చినట్టు డైరీలో రాసుకుంది. ప్రాణం పోసినవాడు తన సృష్టిని చూసి అసహ్యించుకుని పారిపోతే ఆ ప్రాణి ఏమవుతుందన్నదే నవల. కన్నాక పెంచనివాడిదా తప్పు, పెంపకం లేక రాక్షసుడైనవాడిదా? ఇంతకన్నా ఇంటి సంగతి ఇంకేముంటుంది?

'డ్రాకులా' ఆ తర్వాత. 'ఎల్లో వాల్‌పేపర్' మాత్రం పిల్లల కంటే ముందు మీరు చదవండి. మీ ఇంట్లో బాలింత ఉంటే ఆమె భర్త చేత కూడా చదివించండి. ఈ పాత ఇంగ్లీషు కథలన్నీ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లీషు కష్టమంటే సిగ్గు పడకండి, నేనూ నిఘంటువు పక్కన పెట్టుకునే చదివాను. ఇంగ్లీషు మీడియం పిల్లల చేత చదివించి, తెలుగులో చెప్పించుకోండి. వాళ్ళకి తెలుగొస్తుంది, మీకు కథొస్తుంది.

మా ఇంట్లో నియమాలు మూడే. మొదటి కథ పగలు చదవాలి. ఒంటరిగా కాదు, పక్కన ఒకరుండాలి. అయిపోయాక ఒక ప్రశ్న వేసుకోవాలి, ఇందులో నిజంగా భయపెట్టింది ఏమిటి అని. సాధారణంగా దెయ్యం అని ఎవరూ చెప్పరు, మనిషి పేరే చెప్తారు.

ఇంటి పనుల్లో పడి ఉండే మనకి ఇవన్నీ ఎందుకులే అనేవాళ్ళకి షిర్లీ జాక్సన్‌ని పరిచయం చేస్తాను. నలుగురు పిల్లల తల్లి. ఒక ఊరి జనమంతా కలిసి ఆచారం పేరుతో చేసే ఘోరం మీద 'ది లాటరీ' అనే కథ రాసింది. చిన్న కూతుర్ని బండిలో కూర్చోబెట్టుకుని, సరుకులతో ఎత్తు ఎక్కుతుంటే ఆ ఊహ తట్టిందని ఆమే చెప్పుకుంది. 1948 జూన్‌లో న్యూయార్కర్ పత్రికలో వస్తే, ఆ వేసవిలో మూడు వందలకి పైగా ఉత్తరాలు వచ్చాయి, ఎక్కువ తిట్లే. ఇంటి సంసారం మీద ఆమె సరదాగా రాసిన పుస్తకంలో ఒక ముచ్చటుంది. కాన్పుకి ఆస్పత్రికి వెళ్తే గుమస్తా వృత్తి ఏమిటని అడిగింది. రచయిత్రిని అని ఈమె చెప్తే, గృహిణి అని రాసుకుంటాలెండి అందట.

ఇక చివరగా, మళ్ళీ నా చిన్నమ్మ దగ్గరికి వస్తాను. కర్ణాటకలో 2017లో ఒక చట్టం చేశారు, 2020 నుంచి అమల్లో ఉంది. దెయ్యం వదిలిస్తామని మనిషిని కొట్టడం, కట్టేయడం దాని ప్రకారం నేరం. మన దేశంలో ఎక్కడైనా మనసు బాగాలేకపోతే టెలిమానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు మీ వంటింట్లో గ్యాసు నంబరు పక్కన రాసి పెట్టుకోండి. కాన్పయిన పిల్ల గోడ వైపు తిరిగి కూర్చుంటే వేపమండలు వెతకకండి, డాక్టరుకి చూపించండి. మీ పేరేమిటి అని అడిగి, ఆమె చెప్పింది నమ్మండి.

వచ్చే వారం ఆడపడుచు వాళ్ళింట్లో పెళ్ళి. వాళ్ళమ్మాయి తొమ్మిదో తరగతి. పెళ్ళి బట్టలతో పాటు ఒక పుస్తకం కూడా సంచిలో పెట్టాను. అటక మీద పెట్టినా ఫర్వాలేదు. ఆ అటక ఎక్కడం ఆ పిల్లకి వచ్చు.